ఊపిరి లెక్క

పట్టపగలు మూడింటికి మేం రాత్రిని మొదలుపెట్టాం. కిటికీలకు నల్ల తెరలు దించారు, దీపాలు తగ్గించారు, అయినా పై వరసలో రెండు తెరలు సరిగ్గా కలవక ఆ సందులోంచి సన్నటి ఎండ గీత ఒకటి బసూన్ ఊదే పెద్దమనిషి బట్టతల మీద పడుతోంది, పాపం ఆయనకు తెలియదు, నేను అటు చూడకూడదు, చూస్తే నవ్వొస్తుంది, నవ్వొస్తే వెనకాలే ఏడుపొస్తుంది, ఇవాళ నాకు రెండూ ఒకే గుమ్మంలో కాచుకుని ఉన్నాయి. నా పెద్ద క్లారినెట్ అడుగున ఇనప కాలు నేలకు ఆనించుకుని, మెడ వంచి నా నోటి దాకా వచ్చి నిలబడింది. దాని మూతికి కట్టిన రెల్లు బద్ద, రీడ్ అంటాం, అది ఎండిపోకుండా నాలుకతో తడుపుతూ కూర్చున్నాను, తడిసిన రెల్లు రుచి, ఎన్నేళ్ళయినా అదే రుచి. వేదిక మీద ఇరవైమందిమి ఉన్నాం, తీగ మీటేవాడు ఒక్కడూ లేడు, అందరం ఊదేవాళ్ళమే, ఊపిరి అమ్ముకుని బతికేవాళ్ళం అంటాడు బాబాయి. బాబాయి అంటే నా పక్క కుర్చీలో మొదటి క్లారినెట్, ఎవరికీ సొంత బాబాయి కాదు, అందరికీ బాబాయే. ఇప్పుడు వాయిస్తున్న రచన పేరు 'మూడో జాము'. నిద్రపట్టని ఒక మనిషి పక్కమీద పడుకుని రాత్రంతా విన్నదే ఇది అని కరపత్రంలో అచ్చువేశారు. ఆ మనిషి మా ఆయన. రాసిందీ ఆయనే. ఆ పక్కమీద రెండో మనిషిని నేను. నేను కూడా ఇందులో ఉన్నాను, చివర్లో వస్తాను, నిద్రపోతూ వస్తాను.

కుళాయి మొదలైంది. ముందు వరస ఫ్లూట్లు ఊదకుండా మీటలు మాత్రం టక్కుమని నొక్కుతున్నారు, ఒకటి, ఆగి, ఇంకొకటి, అది మా స్నానాలగదిలో కారే కుళాయి, ప్లంబర్ని పిలవండి మహాప్రభో అని నేను నెలల తరబడి పోరాను, పిలుస్తా పిలుస్తా అంటూ ఆయన పిలవలేదు, ఎందుకు పిలవలేదో మొదటి రిహార్సల్లో తెలిసింది, కుళాయి బాగుచేయిస్తే ఆయనకు రెండో పేజీ ఉండేది కాదు. హార్న్‌లు కింద ఒకే స్వరం పట్టుకుని గుర్రుమంటున్నాయి, అది ఫ్రిజ్, మధ్యమధ్యలో వణికి ఆగిపోవడం కూడా అచ్చం మా ఫ్రిజ్జే. ట్రాంబోన్ జారుకుంటూ పైకి వెళ్ళి ఆగింది, పై అంతస్తు నర్సమ్మ డ్యూటీ నుంచి వచ్చి లిఫ్టు దిగింది. జనం చీకట్లో కళ్ళు మూసుకుని ఆహా ఎంత లోతైన రాత్రి అనుకుంటున్నారు కాబోలు, నాకు మాత్రం మా ఇంటి రిపేర్లు ఒక్కొక్కటీ పైకి చదువుతున్నట్టుంది. వీటన్నిటికీ పైన, మొదటి క్షణం నుంచీ ఆగకుండా, సూదిమొనంత సన్నగా ఒక స్వరం. వెనక కూర్చున్న ఇద్దరు ఫ్లూట్ అమ్మాయిలు దాన్ని పంచుకుని ఊదుతున్నారు, ఒకామె ఊపిరి తీసుకునేటప్పుడు ఇంకొకామె పట్టుకుని ఉంటుంది, అతుకు తెలియకూడదు, దీన్ని మాలో దొంగ ఊపిరి అంటారు. రిహార్సల్లో కండక్టరు, ఆయన్ని వెనకాల కర్రమాస్టారంటాం, చెవిలో వేలు తిప్పుకుంటూ, "ఏవండీ, ఆ పై స్వరం తీసేస్తే మీ సొమ్మేం పోతుంది? జనం తలనొప్పి మాత్రలు కొనుక్కుని రావాలి" అన్నాడు. మా ఆయన నవ్వలేదు. "అది తీస్తే ఇంకేం మిగలదండీ. అదే నిశ్శబ్దం" అన్నాడు. కర్రమాస్టారు అది కవిత్వం అనుకుని ఊరుకున్నాడు. కవిత్వం కాదు. అది ఆయన ఎడమ చెవిలో మోగేది. ఈ హాల్లో ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకు తెలియదు.

హాలుకు ఎడమ కొసన, గోడ పక్క కుర్చీలో కూర్చున్నాడు మా ఆయన. రాసినవాడని నడిమి వరసలో నడిమి కుర్చీ ఉంచారు, పేరు రాసిన అట్ట కూడా పెట్టారు, వద్దని అటు పోయాడు, ఎంత వినయమో అనుకున్నారందరూ. అక్కడ కూర్చుంటే వేదిక కుడి చెవి వైపు పడుతుంది, అంతే. రెండేళ్ళుగా ఎక్కడికి వెళ్ళినా గోడలనూ కుర్చీలనూ మనుషులనూ అలాగే సర్దుకుంటున్నాడు, సినిమాలో నన్ను కుడి పక్క సీటుకు మారుస్తాడు, రోడ్డు మీద ఏదో వంక పెట్టి నాకు ఎడమ పక్కకు వచ్చేస్తాడు, నేను ఏమీ ఎరగనట్టు ఎటు జరపబోతే అటు జరుగుతాను, ఒక్కోసారి ఆయన వంక వెతుక్కునేలోపే జరిగిపోయి నాలుక కరుచుకుంటాను. ఇక్కణ్ణుంచి ముఖం సరిగ్గా కనపడదు. గడ్డం గుండెకు ఆనించుకుని ఉన్నాడు. మధ్యమధ్య తలెత్తి ఆ ఇద్దరు ఫ్లూట్ అమ్మాయిల పెదవులు చూస్తున్నాడు, ఊదుతున్నారో లేదో కళ్ళతో కనుక్కుంటున్నాడు, సన్నటి స్వరాలు కుడి చెవిలో కూడా ముందు పోతాయట, బయటిది వినపడదు, లోపలిది ఆగదు. చొక్కా జేబులో తాళంచెవి ఉంది. ఇది అయిపోయాక, జనం చప్పట్లు కొట్టి పోయాక, ఆయన మా ఇంటికి బట్టల సంచి కోసమే వస్తాడు. ఈ రాత్రి నుంచి వేరే గదిలో పడుకుంటాడు.

వద్దు, ఇప్పుడది తలుచుకోకూడదు, నా వంతు దగ్గరపడుతోంది, ఫ్రిజ్ ఆగాక ట్రాంబోన్, ఆ తర్వాత అందరూ ఒక్క క్షణం ఆగుతారు, ఆ తర్వాత ఓబో, ఓబో అయ్యాక నేను. రీడ్ తడిగానే ఉంది. రెండేళ్ళ కిందట, ఆయన మొదటిసారి అడిగిన రాత్రి నాకు నిజంగానే నిద్ర ముంచుకొస్తోంది. గోడ వైపు తిరిగి పడుకున్నాను. వెనక నుంచి మెల్లగా, "పడుకున్నావా?" అన్నాడు. రోజంతా వాయించి దవడలు లాగేస్తున్నాయి, ఊఁ అంటే కబుర్లు మొదలవుతాయని బద్ధకించాను, అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు. పలకలేదు. నిద్రపోయాననుకుని నా వీపుతో చెప్పాడు. "ఎడమ చెవి పోయిందే. డాక్టరు ఇంక రాదన్నాడు. కుడిది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనన్నాడు." గొంతులో ఏడుపు లేదు, బియ్యం నిండుకున్నాయని చెప్పినట్టు చెప్పాడు. "నీకు తెలిస్తే నాతో జాగ్రత్తగా మాట్లాడతావు. నా ముందు జాలిగా వాయిస్తావు. అప్పుడు నేనీ ఇంట్లో ఉండలేను." నా నిద్ర ఎగిరిపోయింది. తిరగాలి, తిరిగి ఆ తలను దగ్గరికి తీసుకోవాలి, కానీ ఆ చివరి మాట అన్నాక ఎలా తిరగను, తిరిగితే విన్నట్టే, విన్నట్టయితే ఆయన ఉండలేడు. గోడ మీద పెచ్చు ఊడిన చోటే చూస్తూ ఊపిరి తీశాను, వదిలాను, తీశాను, వదిలాను. మర్నాడు రాత్రి మళ్ళీ పడుకున్నావా అన్నాడు. ఒకసారి నిద్ర నటించినదానికి రెండోసారి మేలుకోవడం ఎంత కష్టమో చేసి చూస్తే గానీ తెలియదు.

నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు గానీ నిద్ర నటించేవాణ్ణి లేపలేం అని మా అమ్మ అనేది, బడి ఎగ్గొట్టడానికి ముసుగు తన్ని పడుకున్న నన్నే చూసి అనేది, అని ఊరుకోకుండా చెంబుడు నీళ్ళు కుమ్మరించేది. ఇప్పుడు నీళ్ళు కుమ్మరించడానికి ఎవరూ లేరు. పైగా నాకు ఆ నటన కూడా సరిగ్గా చేతకాదు. నిజంగా నిద్రపోయేవాళ్ళ ఊపిరి ఒక తీరున ఉండదు, ఓసారి పెద్దది, ఓసారి చిన్నది, నడుమ గురక, ఓ నిట్టూర్పు, పెదాలు చప్పరించడం. నేనేమో బుద్ధెరిగినప్పటి నుంచీ ఊదుతున్నదాన్ని. కడుపులోంచి తీశాను, నాలుగు లెక్కపెట్టి తీసి ఆరు లెక్కపెట్టి వదిలాను, వదిలేది చివరి దాకా ఒకే పాళాన. దొంగ నిద్రలో కూడా లయ చూసుకునే తెలివితక్కువతనం మా వాళ్ళకు తప్ప ఎవరికుంటుంది. దానికి తోడు పక్క మీద ఆయన వేలు కదిలేది. దుప్పటి మీద మెత్తగా, టప్, టప్. నిద్రపట్టని చిరాకనుకున్నాను. వేలు పడుతుంటే నేను ఊరుకోలేను, దెబ్బ పడితే దాని వెంట పోవడం మాకు అలవాటు కాదు, జబ్బు, ఆ వేలికి సరిగ్గా ఊపిరి కలిపాను. చాలా రోజులకు తెలిసింది, ఆయన నా ఊపిరి లెక్కపెడుతూ వేలు వేసేవాడు. నేను ఆయన వేలి వెంట, ఆయన నా ఊపిరి వెంట, రెండేళ్ళు చీకట్లో అలా నడిచాం, ముందు నడుస్తున్నది ఎవరో ఇద్దరికీ తెలియకుండా.

అదంతా కాగితం మీదికి ఎక్కించాడు. చివరి భాగానికి 'నిద్రపోతున్న మనిషి' అని పేరు పెట్టాడు. నా కాగితంలో అక్కణ్ణుంచి స్వరాలు లేవు, మీటలన్నీ మూసి గొట్టంలోకి ఉత్త గాలి ఊదాలి, శబ్దం పలకకూడదు. నాలుగు లోపలికి, ఆరు బయటికి. మొదటి రిహార్సల్లో కర్రమాస్టారు మధ్యలోనే కర్ర దించేశాడు. "నిద్రపోయే మనిషి ఇంత లెక్కగా ఊపిరి తీస్తుందా అండీ? మా ఆవిడ ఊపిరికి పక్కవాటా వాళ్ళు తలుపు కొడతారు." మా ఆయన నవ్వాడు, గర్వంగా నవ్వాడు. "మా ఆవిడ నిద్రే అంత మాస్టారూ. ఇల్లు కూలినా లేవదు. ఆ ఊపిరి వింటూనే నేను తెల్లారేదాకా ఉండగలుగుతున్నా" అన్నాడు. అందరూ నా వైపు చూసి నవ్వారు. బాబాయి నా మీదికి వంగి, "నిద్రలో కూడా తాళం తప్పని ఇల్లాలివి, నీకో దండం తల్లీ" అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వుతూ రీడ్ ఊడదీసి తుడిచిందే తుడిచాను. ఇంటికి పోయినా ఆ మాట చెవిలోంచి పోలేదు, ఆ ఊపిరి వింటూనే ఉండగలుగుతున్నా, ఇంట్లో ఒక్కరైనా హాయిగా నిద్రపోతున్నారన్న ధైర్యంతో ఈ మనిషి తెల్లవారేదాకా ఈదుతున్నాడు, ఆ ధైర్యం నేను చేసిన నకిలీ సరుకు. కోపం వచ్చింది నాకు, ఆయన మీద, ఇంత చెవి పెట్టుకుని నా ఊపిరిలో అబద్ధం పట్టుకోలేకపోయావా అని. వెంటనే సిగ్గేసింది, చెవి అన్నందుకు.

అందరూ ఆగారు. ఆ సన్నటి స్వరం ఒక్కటే పైన వేలాడుతోంది. ఓబో ఎత్తింది. ఓబో ఊదే అమ్మాయిని పుల్లమ్మ అంటాం, రీడ్ కోసం చెక్కిన పుల్ల ఎప్పుడూ నోట్లో ఉంటుంది, పుల్లతోనే మాట్లాడుతుంది, పుల్లతోనే అలుగుతుంది. ఐదు స్వరాలు, రెండు పొట్టివి, మూడు పొడుగువి, చివరిది కాస్త పైకి లేచి ఆగుతుంది. "ఏదో పిట్టనుకుంటా వదినా, జతపిట్ట జవాబివ్వట్లేదు" అంది రిహార్సల్లో. పిట్ట కాదు పుల్లమ్మా. ప, డు, కున్, నా, వా. మొదటిసారి విన్నప్పుడే గుర్తుపట్టాను. ఆ ఎత్తు, ఆ మెత్తదనం, చివర గొంతు కాస్త లేపి వెంటనే లేపినందుకు సంకోచపడటం, అచ్చంగా దింపేశాడు. లోకంలో ఈ ప్రశ్నను గుర్తుపట్టలేని మనిషిని నేనొక్కతినే అనుకుని నా ముందే పెట్టాడు. మూడుసార్లు అడుగుతుంది ఓబో, మూడుసార్లూ నేను నిద్రపోతూనే ఉండాలి, ఆ తర్వాత ఒక్కొక్కరే ఆగిపోతారు, నా ఊపిరి మిగులుతుంది, అదీ ఆగుతుంది, దీపాలు పెంచుతారు, తెల్లారినట్టు.

కర్ర నా వైపు తిరిగింది. నాలుగు లోపలికి. ఆరు బయటికి. గొట్టంలోంచి గాలి పోతోంది, మనిషి ఊపిరి కంటే పెద్దగా, హాలంతా నా వీపు పరుచుకున్నట్టుంది. నాలుగు లోపలికి. నెత్తిమీద రెండు మైకులు వేలాడుతున్నాయి, ఇవాళ వాయించిందే రికార్డు, మళ్ళీ తీసేది లేదు, పొరపాటు పడ్డవాడి పేరు మైకులోనే చెప్పి తిడతానన్నాడు కర్రమాస్టారు. ఆరు బయటికి. పొద్దున బట్టల సంచి గుమ్మం పక్కన చూశాను. ఆయన అద్దెకు తీసుకున్నది టైర్ల షాపు మీద గది, పైకి ఇనప మెట్లు, ఒక మంచం, ఒక ఫ్యాను. కాఫీ తాగుతూ చెప్పాడు, "ఈ రాత్రి నుంచి అక్కడే పడుకుంటా. నా దొర్లాటతో నీ నిద్ర పాడవుతుంది." "నా నిద్రకేం? ఇల్లు కూలినా లేవనుగా" అన్నాను, ఆ మాట నా నోట ఎలా వచ్చిందో. "అందుకే అంటున్నా. నువ్వైనా హాయిగా పడుకో. పగలు వస్తూ పోతూనే ఉంటాలే." "ఎన్నాళ్ళని?" అన్నాను. ఆయన సింకు దగ్గర గ్లాసు కడుగుతున్నాడు, ఎడమ చెవి నా వైపు ఉంది, వినపడలేదో, వినదలుచుకోలేదో. గ్లాసు బోర్లించి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. అసలు సంగతి నాకు తెలుసు, ఈ వారంలోనే ఒక రాత్రి నా వీపుతో చెప్పాడు, "కుడిది కూడా బయల్దేరిందే. ఇంక నీ దగ్గర దాచలేను. ఇదే ఆఖరిది అనుకుంటా, రాయడం." దాచలేనన్న మాట నాకే చెప్పి, నా దగ్గర దాచడానికి ఇల్లు వదిలి పోతున్నాడు.

నాలుగు లోపలికి. ఓబో రెండోసారి అడిగింది. ప, డు, కున్, నా, వా. ఆరు బయటికి. చూడు, ఎంత బాగా నిద్రపోతున్నానో. విన్నానని చెబితే ఆయన ఉండలేనన్నాడు. విననట్టే ఉంటే ఇవాళే పోతున్నాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, నేను రెండేళ్ళుగా ఆ రెంటి మధ్య చాప పరుచుకుని పడుకున్నాను. ఇంటికి పోయి చెప్పొచ్చు కదా, ఎప్పుడు, ఆయన సంచి ఎత్తుకునేటప్పుడా, గుమ్మంలో నిలబడి కుడి చెవి ఏదో చూసుకుని అరిచి చెప్పనా, నాకంతా తెలుసండీ అని, అప్పుడు ముఖం ఎలా పెడతాడో నాకు తెలుసు, నవ్వుతాడు, బాగా మర్యాదగా నవ్వి మెట్లు దిగిపోతాడు. పగటి పూట వెలుతుర్లో, ఎదురెదురుగా, మేమిద్దరం ఆ మాట మాట్లాడుకోలేం. ఆయన అడిగింది చీకట్లో. అడిగినచోట పలకనిదానికి ఇంకెక్కడ పలికితే మాత్రం ఏం లాభం. నాలుగు లోపలికి, రీడ్ ఎండిపోతోంది, ఉత్త గాలి తగిలితే తడి నిలవదు, నాలుకతో తడపడానికి సందు లేదు, ఇలాంటప్పుడు పెదవి తేడాపడితే కీచుమంటుంది, పీక నొక్కిన కోడిలాగా, ఆయన ఆఖరి రికార్డు మీద, ఎప్పటికీ. ఆరు బయటికి. దేన్ని గురించి ఆలోచిస్తున్నాను నేను, పెదవి గురించి ఎందుకు ఆలోచిస్తున్నాను.

ఎందుకంటే మీటలన్నీ మూసే ఉన్నాయి. అన్నీ మూసి ఉత్త గాలి ఊదమన్నాడు, అదే గాలికి పెదవి ఒక్క రవ్వ బిగిస్తే ఈ గొట్టం అట్టడుగు స్వరం పలుకుతుంది. నిద్రకూ మెలకువకూ మధ్య ఇవాళ అంతే దూరం ఉంది, పెదవి మీద ఒక్క రవ్వ. సన్నటి స్వరాలు ఆయన చెవిలో పోతున్నాయి, మోటువి ఇంకా ఉన్నాయి, ఇంట్లో నేను అట్టడుగు స్వరాలు సాధన చేస్తుంటే వచ్చి నేల మీద కూర్చునేవాడు, గోడకు తల ఆనించి, నేలలోంచి బాగా వస్తోందే అనేవాడు. వద్దు. ఇది సొంత ఇల్లు కాదు. ఇరవైమంది పని ఇది, డబ్బిచ్చి వచ్చిన జనం, ఆయన రాసింది రాసినట్టు వాయించడం నా పని, ఆయన చెవులు పోయాక లోకానికి మిగిలేది ఈ కాగితం మీద ఉన్నదే, దాన్ని నేను చెడగొట్టనా. కాగితం మీద ఉన్నది అబద్ధం. ఆయన అబద్ధం రాయలేదు, నేను ఆయనకు అబద్ధం వినిపించాను. నాలుగు లోపలికి. కొత్తగా చేరినప్పుడు ఒకసారి లెక్క తప్పి, అందరూ ఆగిన చోట నేనొక్కదాన్నే స్వరం పట్టుకుని ఉండిపోయాను, ఆపితే తప్పని తెలిసిపోతుంది, ఆపకపోతే ఊపిరి లేదు, అప్పుడు పక్కనుంచి బాబాయి అదే స్వరం అందుకున్నాడు, ఆయన వెనక ఇంకొకరు, జనానికి అది రాసిందే అనిపించింది. బయటికొచ్చాక కాళ్ళ మీద పడబోతే, "మనలో ఒకరు జారితే పక్కవాడూ జారాలమ్మా, అప్పుడది జారడం కాదు, నడక" అన్నాడు. ఆరు బయటికి. గోడ పక్కన మా ఆయన కదల్లేదు, గడ్డం అలాగే గుండెకు ఆనించి ఉంది. నేను భయంతో చచ్చిపోతున్నాను, ఊపిరి మాత్రం గడియారంలా పోతోంది, రెండేళ్ళ సాధన మరి.

పుల్లమ్మ ఓబో ఎత్తింది. మూడోసారి. మిగతావాళ్ళు దించేశారు, పైన ఆ సన్నటి మోత, కింద నా ఊపిరి, నడుమ ఆ ప్రశ్న. ప, డు, కున్, నా, వా. ఆయన పెదవులు కదిలాయా, అంత దూరం నుంచి కనపడదు, కదిలినట్టే అనిపించింది. నాలుగు లోపలికి, ఒకటి, దవడలు లాగుతున్నాయి, రెండు, జవాబు చెప్తే కబుర్లు మొదలవుతాయి, మూడు, మొదలవనీ, నాలుగు. పెదవి బిగించాను.

ఊఁ.

వచ్చింది. కీచుమనలేదు. మోటుగా, బొంగురుగా, నిద్రలేచిన గొంతులాగే వచ్చింది, నా ముందు స్టాండు వణికింది, అరికాళ్ళ కింద చెక్క పలికింది. చిన్నప్పుడు కథ చెప్పేవాళ్ళకు కొట్టే ఊఁ, వింటున్నాను చెప్పు అనే ఊఁ, రెండేళ్ళ కిందటి రాత్రి బద్ధకించి మింగేసిన ఊఁ. కర్రమాస్టారి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది, కళ్ళు నన్ను నమిలేస్తున్నాయి, పుల్లమ్మ ఓబో దించి నా వైపు తిరిగింది, నోరు తెరుచుకుంది, మొదటిసారి అందులో పుల్ల లేదు. ఆపలేదు నేను. ఎలా ఆపను. ఊపిరి అయిపోతోంది, కడుపు వెన్నుకు అంటుకుంది, కళ్ళ ముందు ఎండ గీత రెండైంది, అప్పుడు పక్కనుంచి అదే స్వరం ఓ స్థాయి పైన వచ్చి నా కింద చెయ్యి పెట్టినట్టు పట్టుకుంది. బాబాయి. ఎందుకని అడగలేదు, నా వైపు చూడలేదు, నేను జారాను కాబట్టి జారాడు. ఆయన వెనక బసూన్, బట్టతల మీద ఎండతో సహా. హార్న్‌లలో ఒకడు. కర్రమాస్టారు ఒక్క క్షణం చూసి, ఇంక చేసేదేముందని చెయ్యి మెల్లగా పైకెత్తాడు, అది ముందే రాసిపెట్టి ఉన్నట్టు. హాలంతటికీ అది రాసిందే అయిపోయింది. రాయలేదని తెలిసినవాడు కిందున్న జనంలో ఒక్కడే.

ఆ ఒక్కడు కదల్లేదు. గడ్డం గుండెకే ఆని ఉంది. వినపడలేదా. ఇది కూడా పోయిందా, నేను ఆలస్యం చేశానా, రెండేళ్ళలో ఏ రాత్రి పలికినా వినపడేది ఇవాళ వినపడలేదా, దేవుడా, నేలలోంచైనా, కుర్చీ కాళ్ళలోంచైనా. బాబాయి స్వరం సన్నగిల్లుతోంది, ముసలి ఊపిరి, ఎంతసేపు మోస్తాడు. అప్పుడు ఆయన తలెత్తాడు. ముందు ఫ్లూట్ల వైపు చూశాడు, తర్వాత కర్ర వైపు, బాబాయి వైపు, వెతుక్కుంటూ వెతుక్కుంటూ నా దగ్గరికొచ్చి ఆగాడు. నేను కళ్ళు దించలేదు. ఎన్ని రాత్రులకో మా ఇద్దరి కళ్ళు ఒకేసారి తెరుచుకుని ఉన్నాయి. కోప్పడతాడా, లేచి పోతాడా, బయటికి పోయే తలుపు దగ్గరే ఉంది, గోడ పక్క కుర్చీ కదా, ఎవరినీ తోసుకుని పోనక్కర్లేదు. ఆయన లేవలేదు. కుడి చెయ్యి పైకెత్తాడు, మెల్లగా, పక్క వరసవాళ్ళు తిరిగి చూస్తున్నా పట్టించుకోకుండా, రెండేళ్ళుగా నలుగురిలో ఒక్కసారైనా చెయ్యని పని చేశాడు, అరచెయ్యి దొప్పలా చేసి కుడి చెవి వెనక పెట్టుకుని, మెడ నా వైపు వంచాడు, సరిగ్గా వినపడలేదు, మళ్ళీ చెప్పు అని చెవిటివాళ్ళు అడుగుతారే, అలాగ.

లెక్కపెట్టకుండా ఊపిరి తీసుకుని, మళ్ళీ ఊఁ అన్నాను.